‘ఏలియన్’ సినిమాలో లైంగిక ప్రతీకల్ని చదవడం ఎలా

‘ఏలియన్’లో గ్రహాంతర జీవి పుట్టే గుడ్డు పైభాగం నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది. స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ మొదట చేసిన నమూనాలో నాలుగు రేకులు లేవు. ఒకే ఒక్క చీలిక ఉండేది, స్త్రీ జననాంగాన్ని ఏ దాపరికమూ లేకుండా పోలి ఉండేది. కాథలిక్ దేశాల్లో గొడవవుతుందని నిర్మాతల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. గీగర్ ఆ చీలికకు అడ్డంగా ఇంకో చీలిక పెట్టాడు. ఇప్పుడు పైనుంచి చూస్తే శిలువ కనిపిస్తుంది. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు.

ఒక అంతరిక్ష ఓడ సిబ్బందిని గ్రహాంతర జీవి వేటాడే కథతో 1979లో వచ్చిన ఈ సినిమాలో లైంగిక ప్రతీకల గురించి మాట్లాడితే, బూతంతా చూసేవాళ్ళ బుర్రలోనే ఉందని కొట్టిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి ఆ గుడ్డు ఒక్కటి చూపిస్తే చాలు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఆకారాలు కనిపెట్టడం తేలిక. పొడవుగా ఉన్నదల్లా పురుషాంగం, గుండ్రంగా ఉన్నదల్లా గర్భం అని రాసుకుంటూ పోతే పదో నిమిషానికే రెండు పేజీలు నిండిపోతాయి, సినిమా గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు. ఆ ఆకారం ఎవరి ఒంటిని ఏం చేస్తోంది, దానికి వాళ్ళు ఒప్పుకున్నారా అన్నది పట్టుకుంటే అప్పుడు ప్రతీక నోరు విప్పుతుంది.

అలంపురంలో లజ్జాగౌరి శిల్పం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. తల ఉండాల్సిన చోట తామరపువ్వు, విడివడ్డ కాళ్ళు, తెరిచిన దేహం. సంతానం కోరుకునేవాళ్ళు మొక్కే రూపం అది. నాగార్జునకొండలోనూ అలాంటి శిల్పం దొరికింది, దానిమీద ఇక్ష్వాకుల రాణి పేరుతో శాసనం కూడా ఉంది. తెరిచిన దేహం అక్కడ శుభం. గీగర్ గుడ్డు దగ్గర అదే ఒళ్ళు జలదరించే భయం. రెండుచోట్లా ఆకారం దాదాపు ఒకటే కాబట్టి ఆకారం పేరు రాసినంత మాత్రాన విశ్లేషణ అయిపోదు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఏ వెర్షన్ చూస్తున్నారో మొదట తేల్చుకోండి. థియేటర్లలో విడుదలైన వెర్షన్ 117 నిమిషాలు. 2003లో దర్శకుడు రిడ్లీ స్కాట్ మళ్ళీ ఎడిట్ చేసిన డైరెక్టర్స్ కట్ 116 నిమిషాలు. తేడా ఒక్క నిమిషమే కదా అనుకోవద్దు. రెండోదాంట్లో గూడు సీన్ ఉంది. ఓడ కెప్టెన్ డాలస్ గోడకి అతుక్కుపోయి, తనని చంపెయ్యమని కథానాయిక రిప్లీని అడుగుతాడు. పక్కనే సిబ్బందిలో ఇంకొకడు బ్రెట్ దేహం గుడ్డుగా మారిపోతూ ఉంటుంది. ఆ సీన్ ఉంటే ఈ జీవికి ఆడది అవసరం లేదు, పట్టుబడ్డ మగవాళ్ళే గుడ్లవుతారు. అది లేకపోతే గుడ్లు ఎక్కడినుంచి వచ్చాయన్నది తెలియకుండా ఉండిపోతుంది. గుడ్లు పెట్టే రాణి 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన రెండో భాగంలో వస్తుంది, దాన్ని తెచ్చి మొదటి సినిమా మీద రుద్దకూడదు. మొదటిసారి రాసేవాళ్ళు 1979 వెర్షన్ తీసుకుని దాన్నే పట్టుకుని ఉండటం మంచిది.

టీవీలో కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. గది చీకటి చేసి టీవీ తెర వెలుతురు కొంచెం పెంచుకోండి. చివరి సీన్లో ఆ జీవి తల గొట్టాల మధ్య గొట్టంలా ఒదిగి ఉంటుంది, నలుపు ముద్దగా కనిపించే టీవీలో అది కనబడనే కనబడదు. తలకి హెడ్‌ఫోన్లు ఉంటే ఇంకా మేలు. పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలోని పాత డీవీడీలో చూసేవాళ్ళు ఒకటి గమనించాలి. అందులో సినిమా సెకనుకి 24కి బదులు 25 ఫ్రేముల చొప్పున నడుస్తుంది కాబట్టి 117 నిమిషాలది దాదాపు 112 నిమిషాలకే అయిపోతుంది. ఇంకొకళ్ళు రాసిన నిమిషాల లెక్క మీ దగ్గర కుదరకపోతే కారణం ఇదే. అందుకని నిమిషంతో పాటు సీన్ కూడా ఒక ముక్కలో రాసుకోండి.

నోటుబుక్కు అడ్డంగా తిప్పి ఐదు గళ్ళు గీయండి. మొదటిది సమయం. రెండోది, ఏది తెరుచుకుంది. మూడోది, ఏది లోపలికి వెళ్ళింది లేదా బయటికి వచ్చింది. నాలుగోది, ఎవరికి జరిగింది, వాళ్ళ ఒప్పుకోలు ఉందా. ఐదోది, తడి, వెలుగు, శబ్దం. తడికి గడి దేనికని చాలామంది వదిలేస్తారు. ఈ సినిమాలో పొడిగా ఉన్నది ఎప్పుడు తడిసిందో రాసుకోకపోతే సగం పోయినట్టే.

సినిమా మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా, ఏమీ రాయకుండా. ఎక్కడ భయపడ్డారో, ఎక్కడ కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నారో ఒంటికి గుర్తుంటుంది, అయిపోయాక ఐదు వాక్యాల్లో రాసుకోండి. రెండోసారి ఆపుతూ గళ్ళు నింపండి, దీనికి నాలుగు గంటలైనా పడుతుంది. మూడోసారి సినిమా మొత్తం అక్కర్లేదు. గుడ్డు సీన్, సిబ్బందిలో ఇంకో ఆడమనిషి లాంబర్ట్ చావు, ఈ రెండూ కళ్ళు మూసుకుని వినండి.

నలుగురిని కూర్చోబెట్టి చూపిస్తుంటే ముందే చెప్పండి, ఇందులో లైంగిక దాడిని గుర్తుచేసే సీన్లు కనీసం మూడు ఉన్నాయని: సిబ్బందిలోని కేన్ ముఖాన్ని జీవి పట్టేయడం, ఓడ శాస్త్రాధికారి ఆష్ రిప్లీ మీద పడటం, లాంబర్ట్ చావు. అలాంటిది తమ జీవితంలో జరిగినవాళ్ళు ఆ గదిలో ఉండొచ్చు. చెప్పకుండా చూపించడం తప్పు.

సీన్లు చదివే వరస

మొదలు నోస్ట్రోమో ఓడలో నిద్రగది. తెల్లటి వెలుగు, పూరేకుల్లా ఒక్కసారే తెరుచుకునే మూతలు, తెల్లటి లోదుస్తుల్లో ఏడుగురు. అందరికంటే ముందు లేచేది కేన్. ఓడని నడిపే కంప్యూటర్ పేరు మదర్, అంటే అమ్మ. ఇది సినిమాలో మొదటి కాన్పు. నెత్తురు లేదు, నొప్పుల్లేవు, కనే ఆడమనిషి లేదు, ఒక్క చుక్క తడి లేదు. నాలుగో గడిలో ‘అభ్యంతరం లేదు’ అని రాసుకోండి. తర్వాత వచ్చే కాన్పుని దీనితోనే పోల్చాలి. ఈ సీన్ని సాగదీశాడని విసుక్కుని దాటేసేవాళ్ళకి ఆ పోలిక ఎప్పటికీ దొరకదు.

తర్వాత వాళ్ళు దిగిన గ్రహం మీద పడి ఉన్న పరాయి ఓడ గీగర్ చేతిపని. ఆకాశంలోకి చాచిన రెండు వంపులు, వాటి మధ్య లోపలికి వెళ్ళే రంధ్రాలు. ముగ్గురు మనుషులు చిన్న చుక్కల్లా అందులోకి వెళతారు. లోపలి గోడలు పక్కటెముకల్లా, పేగుల్లా ఉంటాయి. ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో గీగర్ ఆ సెట్లకి నిజమైన ఎముకలు కూడా వాడాడు. అక్కడ కుర్చీతో కలిసిపోయిన మహాకాయుడి శవం దగ్గర ఆగండి. వాడి ఎముకలు లోపలినుంచి బయటికి వంగి ఉన్నాయని డాలస్ అంటాడు. కేన్‌కి జరగబోయేది ఆ మాటలోనే ఉంది, ఒంట్లోంచి ఏదో తన్నుకుని వచ్చిందని ముందే చెప్పేశారు.

గుడ్డు దగ్గరికి వచ్చేసరికి తడి గడి నింపడం మొదలుపెట్టండి. కేన్ చెయ్యి పెట్టగానే జిగురు కదులుతుంది, పైకి కారుతుంది. గుడ్డు లోపల చిన్నగా కొట్టుకునేది రబ్బరు గ్లవ్స్ వేసుకున్న రిడ్లీ స్కాట్ చేతులే. రేకులు విచ్చుకున్నాక లోపల కనిపించే మెత్తటి పొర కోసం జంతువుల కడుపు, పేగు లాంటి మాంసం వాడారు. నిజం మాంసం కాబట్టే మనకి వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ ఒప్పుకోలు గడిలో ఏం రాయాలి? కేన్ తనంతట తానే వంగి, ముఖం దగ్గరికి పెట్టాడు. తెలుసుకోవాలన్న కుతూహలం అతనిది, జరిగింది మాత్రం అతను ఒప్పుకున్నది కాదు. ‘వాడే కదా వంగాడు’ అనే మాట మన నోటికి వస్తే, ఆ మాట మామూలుగా ఎవరి గురించి అంటుంటామో ఒక్కసారి ఆలోచించండి.

ముఖాన్ని పట్టేసే జీవిని ఫేస్‌హగ్గర్ అంటారు. వేళ్ళలాంటి ఎనిమిది కాళ్ళు, మెడకి బిగుసుకున్న తోక, గొంతులోకి దిగిన గొట్టం. అది ఊపిరి అందిస్తూనే లోపల పిండాన్ని పెడుతోంది. తర్వాత చచ్చిన జీవిని బోర్లించి పరీక్షించే సీన్లో కిందిభాగం స్త్రీ జననాంగంలా ఉంటుంది, దాన్ని ఆల్చిప్పల మాంసం, చేపలు, గొర్రె మూత్రపిండంతో చేశారు. ఒకే జీవిలో చేతివేళ్ళు, చొచ్చుకుపోయే గొట్టం, తెరిచిన జననాంగం, మూడూ ఉన్నాయి. మగ ప్రతీకలు ఒక పక్క, ఆడ ప్రతీకలు ఒక పక్క రాసుకునే పద్ధతి ఇక్కడ కుప్పకూలిపోతుంది. గీగర్ జీవుల్లో రెండూ కలిసే ఉంటాయి, ఆ కలవడమే భయపెట్టేది.

ఇప్పుడు చాలామంది దాటేసే సీన్. కేన్‌ని మోసుకొచ్చి తలుపు తియ్యమంటారు. 24 గంటలు బయటే ఉంచాలన్నది నియమం, అందుకని రిప్లీ తియ్యనంటుంది. ఆష్ తీస్తాడు. ఏది తెరుచుకుంది? ఓడ. ఏది లోపలికి వెళ్ళింది? జీవి. ఎవరి ఒప్పుకోలు? అధికారం ఉన్న ఆడమనిషి వద్దంది, ఆ మాటని తోసేశారు. కేన్ నోటికి జరిగిందే ఓడకీ జరిగింది. ఇందులో జిగురు లేదు, గీగర్ బొమ్మ లేదు, వింత ఆకారం లేదు, ఉన్నది ఒక లోహపు తలుపు. సినిమా మొత్తంలో అతి ముఖ్యమైన లైంగిక ప్రతీక ఇదేనని గట్టిగా చెప్పొచ్చు.

తిండి బల్ల మీద కాన్పు

సుమారు 55 నిమిషాల దగ్గర, దాదాపు సరిగ్గా సగానికి, అందరికీ తెలిసిన సీన్ వస్తుంది. దీన్ని ఫ్రేము ఫ్రేముగా చూడాలి.

అందరూ భోజనం చేస్తున్నారు, నవ్వులు, నోట్లో ముద్దలు. కేన్ ఆబగా తింటున్నాడు. కడుపుతో ఉన్నవాళ్ళ ఆకలి అది. దగ్గు మొదలవుతుంది, వెనక్కి విరుచుకుపడతాడు, తిండి బల్ల మీదే పడుకోబెడతారు. చేతులు, కాళ్ళు నలుగురూ పట్టుకుంటారు, పళ్ళ మధ్య ఏదో పెట్టాలని చూస్తారు. నొప్పులు పడే మనిషిని పట్టుకునే పట్టే అది. తెల్ల టీషర్టు మీద ముందు ఒక్క ఎర్ర మరక వస్తుంది. అందరూ ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ తర్వాతే బట్ట చీల్చుకుని బయటికి వస్తుంది. చేతుల్లేని, కళ్ళు లేని, తల మొద్దుగా ఉండి పళ్ళున్న జీవి. నిటారుగా లేచి చుట్టూ తిరిగి చూస్తుంది. పుట్టింది పసికందు, దాని ఆకారం పురుషాంగం, పుట్టిన చోటు మగవాడి ఛాతీ. ఆకారాన్ని తయారుచేసేటప్పుడు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ 1944లో వేసిన శిలువ కింద మూడు బొమ్మల చిత్రాన్ని ముందు పెట్టుకున్నారు. మెడ మాత్రమే సాగి, నోరు మాత్రమే ఉన్న ఆ బొమ్మలు పక్కన పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది.

ఓడ ఇంజనీరు పార్కర్ కత్తి ఎత్తుతాడు. ముట్టుకోవద్దని ఆపేది ఆష్. ఈ కాన్పుకి మంత్రసాని ఎవరో అక్కడే తెలిసిపోతుంది. తలుపు తీసింది అతనే, బిడ్డ దక్కాలని చూసిందీ అతనే.

నటులకి జీవి బయటికొస్తుందని తెలుసు, నెత్తురు ఎంత చిమ్ముతుందో తెలియదు. లాంబర్ట్ వేషం వేసిన వెరోనికా కార్ట్‌రైట్ ముఖం మీద ధార పడినప్పుడు ఆమె కేక నిజమైనదే. కృత్రిమ ఛాతీలో కసాయి కొట్టునుంచి తెచ్చిన మాంసం, పేగులు నింపారు.

రచయిత డాన్ ఒబానన్ తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో దాపరికం లేకుండా చెప్పాడు, ప్రేక్షకుల్లోని మగవాళ్ళని లైంగికంగా కలవరపెట్టాలన్నదే తన ఉద్దేశమని. ఆడవాళ్ళ మీద జరిగే దాడి భయానక చిత్రాల్లో అప్పటికే అలవాటైపోయింది. మగవాడి నోట్లోకి దూరి, వాడి ఒంట్లో గర్భం పెట్టి, వాడే పిల్లని కనేలా చేస్తే? ఇంటి గోడలకి మట్టిగూళ్ళు కట్టే కందిరీగ సాలెపురుగుని చచ్చుపరచి దాని మీద గుడ్డు పెట్టడం, పిల్ల దాన్ని తింటూ పెరగడం మన ఇళ్ళలోనే చూస్తాం. ఆయన ఆ పద్ధతిని మనిషికి తెచ్చాడు. పేగుల్ని పాడుచేసే క్రోన్స్ వ్యాధితో ఏళ్ళ తరబడి కడుపునొప్పి పడిన మనిషి కూడా ఆయన.

పెరిగిన జీవి, ఆష్, లాంబర్ట్

పెరిగిన జీవికి మూలం గీగర్ 1976లో వేసిన ‘నెక్రోనోమ్ 4’ చిత్రం. వెనక్కి సాగిన ఆ తల ఏమిటో చిత్రంలో దాచలేదు. సినిమాలో వేషం వేసింది బొలాజీ బడేజో, లండన్‌లో డిజైన్ చదువుతున్న నైజీరియా యువకుడు, ఎత్తు దాదాపు 6 అడుగుల 10 అంగుళాలు. దవడ పక్క నరాలకి ముక్కలు చేసిన కండోమ్‌లు వాడారు, కారే జిగురు, సంభోగంలో జారుడుకి వాడే కేవై జెల్లీ. ఇలాంటి సామాన్లు చెప్పి ఊరుకుంటే కబురవుతుంది. వాటిని తెర మీద కనిపించేదానికి కట్టాలి. నోట్లోంచి ఇంకో నోరు తన్నుకుని రావడం, దానికి ముందు ఎప్పుడూ జిగురు కారడం, దాని వేగం, ఇవి మీ గళ్ళలో పడితేనే ఆ కండోమ్ ముక్కకి మీ వ్యాసంలో చోటు ఇవ్వండి. జీవికి కళ్ళు లేవు, అది గీగర్ పట్టుబట్టి చేసిన పని. ఎటు చూస్తోందో తెలియదు కాబట్టి ఏం కావాలో కూడా తెలియదు.

బ్రెట్ చావుకి ముందు అరనిమిషం చూడండి. గొలుసులు వేలాడుతున్నాయి, పైనుంచి నీళ్ళు పడుతున్నాయి. టోపీ తీసి, ముఖం పైకెత్తి, కళ్ళు మూసుకుని ఆ చుక్కల్ని ఒంటిమీద పడనిస్తాడు. ఇంత సుఖంగా ఈ సినిమాలో ఇంకెవరూ కనిపించరు.

ఆష్ రిప్లీ మీద పడే సీన్ మీద ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే ఇందులో గ్రహాంతర జీవి లేనే లేదు. రిప్లీ ముక్కునుంచి నెత్తురు. ఆష్ కణత మీద ఒక్క తెల్లటి చుక్క. ఆమెని విసిరేసిన చోట గోడనిండా ఆడవాళ్ళ అర్ధనగ్న ఫొటోలు. ఆష్ పత్రిక తీసుకుని గొట్టంలా చుట్టి ఆమె నోట్లోకి కుక్కుతాడు. అతను మనిషి కాదని తర్వాత తెలుస్తుంది. తల తెగి తెల్లటి పాలలాంటి ద్రవం చిమ్ముతుంది. కేన్ గొంతులోకి గొట్టం దిగిన సీన్, ఈ సీన్ నోటుబుక్కులో పక్కపక్కన పెట్టి చదివితే గళ్ళు దాదాపు ఒకేలా నిండి ఉంటాయి. గ్రహాంతర జీవి చేసిన పనినే ఓడ యజమాని కంపెనీ పంపిన యంత్రం, మనుషులు అచ్చేసిన పత్రికతో చేస్తోంది. ఆ జీవి గొప్పదని తర్వాత పొగిడేదీ ఇతనే.

లాంబర్ట్ చావులో తోక కాళ్ళ మధ్యనుంచి పైకి పాకుతుంది, కెమెరా కట్ అవుతుంది, ఇక మనకి దక్కేది స్పీకర్లోంచి వచ్చే మూలుగు, కేకలు మాత్రమే. పరుగెత్తుతున్న రిప్లీ వింటుంది, మనమూ వింటాం. ఆ షాట్లో కనిపించే జోళ్ళు లాంబర్ట్‌వి కావు. బ్రెట్ చావు కోసం తీసిన షాట్ తెచ్చి ఇక్కడ అతికించారు. అదే తోక బ్రెట్ పక్కన ఉంటే వేట అనిపించేది, లాంబర్ట్ ఏడుస్తున్న ముఖం పక్కన పెట్టేసరికి బలాత్కారం అయిపోయింది. ఎడిటింగ్ ప్రతీకని ఎలా పుట్టిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

చివర్లో తప్పించుకోవడానికి ఎక్కిన చిన్న ఓడలో రిప్లీ లోదుస్తుల్లో ఉన్నప్పుడు జీవి గోడలోంచి చెయ్యి చాపుతుంది. అది మగచూపు కోసం పెట్టిన సీన్ అని తిట్టినవాళ్ళున్నారు, ఆ మాటలో నిజం ఉంది. అయితే మొదటి నిద్రగదిలో అందరూ అవే తెల్లటి లోదుస్తుల్లో లేచారన్నది మర్చిపోకూడదు. ఆమె మెల్లగా అంతరిక్ష దుస్తులు తొడుక్కుంటూ, గొంతు వణుకుతూ చిన్నగా పాడుకుంటూ, తలుపు మీట దగ్గరికి చేరుతుంది. మొదట తలుపు తియ్యనన్న మనిషి ఇప్పుడు తన చేత్తోనే తలుపు తీస్తుంది. జీవి బయటికి ఎగిరిపోతుంది, తాడు పట్టుకుని వేలాడుతుంది, మళ్ళీ లోపలికి రావాలని ఇంజను గొట్టంలోకి పాకుతుంది. ఆమె ఇంజను మండిస్తుంది. తాడుని బొడ్డుతాడుగా చదివేవాళ్ళున్నారు, ఈ చోట ఆ చదువు నిలబడుతుంది.

రాసేటప్పుడు ఎక్కడ తప్పుతాం

ప్రతి మాటకి మూడు రకాల ఆధారంలో ఏది ఉందో పక్కన అంకె వేసుకోండి. 1 అంటే చేసినవాళ్ళు చెప్పింది, గుడ్డు చీలికలాగా. 2 అంటే తెరమీద ఎవరైనా చూడగలిగేది, తలుపులాగా. 3 అంటే సిద్ధాంతంతో వచ్చే చదువు. సిద్ధాంతకర్త జూలియా క్రిస్తెవా 1980లో, ఒంటి సరిహద్దు చెరిగినప్పుడు పుట్టే జుగుప్స గురించి రాసింది. సినిమా విమర్శకురాలు బార్బరా క్రీడ్ 1986లో ‘స్క్రీన్’ పత్రిక వ్యాసంలో, 1993లో పుస్తకంలో ఈ సినిమాకి దాన్ని అన్వయించి, కనబడని ఆదిమ తల్లి నీడ సినిమా అంతా ఉందని చెప్పింది. 3 అంకె ఒక్కటే ఉన్న వాక్యాలు వ్యాసంలో మూడోవంతు దాటితే వాదన గాలిలో తేలుతుంది. 1 అంకె మాత్రమే ఉంటే షూటింగ్ కబుర్లవుతాయి. వ్యాసాన్ని మోసేది 2.

పళ్ళున్న యోని అనే మాట విదేశీ వ్యాసాల్లో కనిపించగానే మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్‌కి అంటగట్టకండి. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ మధ్య భారత గిరిజనుల దగ్గర సేకరించిన కథల్లో అది ఉంది.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో చిక్కు, మాటల ఎంపిక. లింగం అంటే మనకి గుడిలో దేవుడు, వ్యాకరణంలో పుంలింగం, దరఖాస్తు ఫారంలో ఆడా మగా అన్న గడి. అందుకని అంగం గురించి చెప్పేటప్పుడు పురుషాంగం అనే రాయండి. యోని అనే మాట పానవట్టాన్ని కూడా గుర్తుచేస్తుంది, గీగర్ గుడ్డుకి ఆ పవిత్రత అతకదు, స్త్రీ జననాంగం అంటే సరిపోతుంది. మర్మాంగం అంటే ఎవరిదో తెలియకుండా పోతుంది. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది మానభంగం అనే మాట దగ్గర. ‘కేన్‌కి మానభంగం జరిగింది’ అని రాసి బయటికి చదవండి. చెవికి తేడాగా తగులుతుంది, ఎందుకంటే మన భాషలో ఆ మాట ఆడవాళ్ళకే అంటగట్టి ఉంది, పోయేది వాళ్ళ మానమేనన్న లెక్కతో. ఒబానన్ మగ ప్రేక్షకుణ్ణి కొట్టింది సరిగ్గా ఆ చోటే. వ్యాసంలో బలాత్కారం లేదా లైంగిక దాడి అని వాడండి, కేన్‌కైనా లాంబర్ట్‌కైనా ఒకే మాట.

మొదటి ప్రయత్నానికి 1200 పదాలు చాలు. మూడు సీన్లకంటే ఎక్కువ ఎత్తుకోవద్దు. నిద్రగది, తలుపు, తిండి బల్ల ఒక మంచి కూర్పు. కేన్ గొంతు, ఆష్ పత్రిక, చివరి తలుపు ఇంకో కూర్పు. ప్రతి సీన్లో జరిగిందాన్ని ముందు నాలుగు వాక్యాల్లో ఏ విశేషణం లేకుండా చెప్పి, ఆ తర్వాతే అర్థం చెప్పండి. వర్ణనలోనే ‘అశ్లీలమైన’, ‘రతిని తలపించే’ అని దూర్చేస్తే చదివేవాళ్ళు తాము చూడకముందే మీ తీర్పు మోయాల్సి వస్తుంది.

ఇంకో సినిమాతో పరీక్ష

అవే ఐదు గళ్ళు ఇంకో సినిమాకి వాడి చూస్తే పద్ధతి నిలుస్తుందో లేదో తెలుస్తుంది. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’ మంచిది, ఎందుకంటే అందులో తెరమీద ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే. వినిపించే ఆడగొంతు చదరంగం కంప్యూటర్‌ది, హీరో దాన్ని తిట్టి లోపల విస్కీ పోసి పాడుచేస్తాడు. నోస్ట్రోమో ఓడలో మదర్ మాట వినకపోతే రిప్లీ తెర పగలగొట్టే సీన్ దాని పక్కన పెట్టండి. గుండె ఆగిన మనిషి ఛాతీ నోరులా తెరుచుకుని డాక్టర్ చేతులు కొరికేసే సీన్‌తో రెండో గడి, మూడో గడి ఒక్క దెబ్బతో నిండుతాయి.

2013 నాటి ‘అండర్ ద స్కిన్’లో గళ్ళు తిరగబడతాయి. ఆడరూపంలో ఉన్న గ్రహాంతర జీవి వెంట మగవాళ్ళు తమంతట తామే, బట్టలు విప్పుకుంటూ నల్లటి ద్రవంలోకి నడిచి వెళతారు. ఒప్పుకోలు గడిలో ‘ఒప్పుకున్నారు, దేనికో తెలియదు’ అని రాయాల్సి వస్తుంది, దానికోసం గడిని రెండుగా చీల్చుకోండి.

2012లో రిడ్లీ స్కాటే తీసిన ‘ప్రొమీథియస్’లో ఎలిజబెత్ షా కడుపులో ఏదో పెరుగుతోంది. సిజేరియన్ చెయ్యమని ఆపరేషన్ పెట్టెని అడుగుతుంది. ఆ యంత్రాన్ని మగ రోగులకి మాత్రమే సిద్ధం చేశారు, ఆ ఆపరేషన్ తన దగ్గర లేదంటుంది. ఆమె పొట్టలో ఉన్నది బయటి వస్తువని చెప్పి కోయించుకుంటుంది. ఆ సీన్లో పెట్టె మూత తెరుచుకుంది, పొట్ట తెరుచుకుంది, ఒక జీవి బయటికొచ్చింది, తియ్యాలన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. నాలుగో గడిలో, తన ఒంటిని తెరవమని తనే అడిగిందని మొదటిసారి రాస్తారు. పక్కనే, అడిగినందుకు యంత్రం ఏమందో కూడా రాసుకోండి.